తెల్లదోమకు బూజు పడితే!

2016 తరువాత గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో ఒక చిత్రం కనిపించింది. పచ్చగా ఉండవలసిన ఆకులు పొయ్యిమీది దాకలా మసిబారాయి. ఆ మసి ఒక శిలీంధ్రం. దాన్ని రప్పించింది ఒక కీటకం. ఆ కీటకంపైకి శాస్త్రజ్ఞులు పంపింది మరో శిలీంధ్రం!

కీటకం పేరు సర్పిలాకార తెల్లదోమ. ఆకు అడుగున తెల్లని మైనపు పొడి మధ్య సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది. పేరులో దోమ ఉన్నా ఇది దోమ కాదు. దోమకు రెండే రెక్కలు, దీనికి నాలుగు. పేనుబంకకు చుట్టం. దీని పుట్టిల్లు మధ్య అమెరికా. మన దేశంలో 2016లో మొదట తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడి, ఆ ఏడాది చివరికే కడియం వచ్చేసింది.

ఇది ఆకు రసం పీల్చి, మిగులు చక్కెరను తేనెలాంటి జిగటగా విసర్జిస్తుంది. అది కింది ఆకులమీద పడుతుంది. దానిమీద నల్లబూజు పెరుగుతుంది. ఇక ఆకుకు ఎండ తగిలేదెలా? కిరణజన్య సంయోగక్రియ జరిగేదెలా?

విషమందు కొట్టవచ్చు కదా అంటారేమో. తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఉంది. విషానికి అదీ చస్తుంది. పైగా అంత ఎత్తు చెట్లకు పదేపదే మందు కొట్టడం మాటలా?

శిలీంధ్రం పురుగును చంపగలదని ఇటలీవాడైన అగొస్తినో బస్సీ 1835లోనే పట్టుపురుగుల రోగంలో రుజువు చేశాడు. తెల్లదోమ కోసం బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఎంచుకున్నది ఐసేరియా ఫ్యుమోసోరోసియా. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దీన్ని పెంచి రైతులకు అందించింది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. తెల్లదోమ ఆకును కొరకదు, లోపలి రసం మాత్రమే పీలుస్తుంది. మరి ఆకుమీద చల్లిన బూజు దాని కడుపులోకి ఎలా పోతుంది? పోనక్కరలేదు! బాక్టీరియా మందులను పురుగు తినాలి; శిలీంధ్రానికి ఒంటికి తగిలితే చాలు. సిద్ధబీజం పురుగు చర్మానికి అతుక్కుని, తేమ దొరికితే గింజలా మొలకెత్తుతుంది. ఆ మొలక ఎంజైములతో చర్మంలోని కైటిన్‌ను, మాంసకృత్తులను కరిగించి, ఒత్తిడితో లోపలికి చొచ్చుకుపోతుంది. లోపలి పోషకాలు తిని పెరుగుతుంది. కొద్ది రోజుల్లో పురుగు చస్తుంది. గాలిలో చెమ్మ ఉంటే కళేబరంమీద బూజు పూసి, కొత్త సిద్ధబీజాలు గాలికి ఎగిరి మరో పురుగును పట్టుకుంటాయి.

చెమ్మ ఉంటే అన్నాను, గమనించారా? చిక్కంతా అక్కడే. మండే ఎండలో సిద్ధబీజాలు మొలవవు, చచ్చిపోతాయి. అందుకే సాయంత్రంపూట, ఆకు అడుగు తడిసేలా చల్లమంటారు. ఇది ప్రాణమున్న మందు. పొట్లాన్ని నీడలో దాచాలి. ఎండలో వదిలేస్తే మిగిలేది ఉత్త పొడే.