ఆటలో పన్ను పదిలం

జొన్నచేలు గింజ పట్టే రోజులలో మంచె మీద నిలిచి వడిసెల త్రిప్పే కావలివానిని నల్లగొండ, పాలమూరు సీమల పెద్దలు మరచిపోయి ఉండరు. వడిసెలలోని రాయి చిన్నదే. దానికి బలమిచ్చేది వేగం. గులేరు పట్టిన పిల్లవానికీ ఈ సంగతి తెలుసు. చిర్రగోనె ఆటలో గాలిలోకి లేచిన చిర్ర ఎదుటివాని మూతికి తగిలితే ఏమవుతుందో చూచిన తల్లులకు మరీ బాగా తెలుసు.

ఈ పాత ఆటల సరసన నేడు మరొకటి చేరినది. దానిని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. 1970 తరువాతి సంవత్సరాలలో జపానులో పుట్టి, అనేక దేశాలకు ప్రాకినది. చూపునకు అసలు తుపాకిని పోలిన ఆటతుపాకి నుండి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, స్ప్రింగు బలంతోనో వాయువు ఒత్తిడితోనో వెలువడుతుంది. దానితో ఎదుటి జట్టువారిని కొట్టడమే ఆట. మన జాతరల అంగళ్ళలో పిల్లలు మారాము చేసి కొనిపించుకొనే గుండ్ల తుపాకి దీనికి చిన్న తమ్ముడు. బలంలో తక్కువే గాని, దగ్గరనుండి ముఖం మీద ప్రయోగిస్తే అదీ ఆటవస్తువుగా మిగలదు.

ఈ గుండు బరువు సాధారణంగా గ్రాములో అయిదవ వంతు. అది సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని శక్తి 1 జౌలు. నూరు గ్రాముల రాయిని మీటరు ఎత్తునుండి జారవిడిస్తే నేలను తాకేటప్పుడు దానికుండే శక్తి ఇంచుమించు ఇంతే. జపాను ప్రభుత్వం 2006లో శాసనం ద్వారా ఈ తుపాకులకు విధించిన పరిమితి కూడ సుమారుగా ఇదే. ఇంతేనా అనిపించవచ్చు. చర్మంపై పడితే ఎర్రగా కందుతుంది, అంతతో సరి. కాని ఆ శక్తి అంతా శనగగింజంత చోట, ఒక్క రెప్పపాటులో దిగుతుంది. ఆ చోటు పంటి అంచు అయితే కథ వేరు.

ఈ ఆట ఆడేవారు కంటి రక్షణను మరువరు. కన్ను పోతే రాదు గనుక అది న్యాయమే. కాని కళ్ళద్దాల క్రింద నోరు బట్టబయలుగా ఉండిపోతుంది. పరుగెత్తేవాడు నోటితో ఊపిరి పీలుస్తాడు, తోటివారిని కేకవేస్తాడు. పెదవులు విడివడగానే పై వరుసలోని నడిమి పళ్ళు రెండూ గుండుకు ఎదురు నిలుస్తాయి. ఏ ఆటలోనైనా ఎక్కువగా దెబ్బతినేవి ఇవే. ముందుకు పొడుచుకొని వచ్చినవైతే ప్రమాదం ఇంకా హెచ్చు.

పంటిపై ఉండే పింగాణి పొర మానవ శరీరంలోకెల్ల గట్టి పదార్థం. దాని బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. గట్టిదే గాని పెళుసు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మూసుకొంటుంది. పింగాణిని నిర్మించే జీవకణాలు మాత్రం పన్ను చిగురు చీల్చుకొని వచ్చేనాటికే అంతరిస్తాయి. కనుక ఊడిన పెచ్చును తిరిగి పూడ్చే శక్తి శరీరానికి లేదు.

ఈ మాట ఏ సీమవారికైనా వర్తిస్తుంది. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి మరొక మాట చెప్పవలసి ఉన్నది. ఇక్కడి నల్లరాతి పొరలనుండి ఫ్లోరైడు కరిగి బావులలోకి, బోరులలోకి దిగినది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది నియమం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాలలో తరాల తరబడి అంతకు మించిన నీటినే త్రాగినారు. నీటిని పటిక, సున్నములతో శుద్ధిచేసే పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 1975 ప్రాంతంలో రూపొందించగా, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడినది. ఒక జిల్లాకు ఇటువంటి కీర్తి రావడం సంతోషించదగినది కాదు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ క్రింద కృష్ణాజలాలు ఊళ్ళకు చేరినవి. కాని ముందరి శాశ్వత దంతాల పైభాగం పసితనం నుండి నాలుగయిదేండ్ల వయస్సులోపలే తయారవుతుంది. ఆ వయస్సులో పాతనీరు త్రాగినవారి పళ్ళు, నీరు మారినా మారవు.

పంటిపై తెల్లని చారలు మాత్రమే ఉంటే బెంగపడవలసినది లేదు. అది వన్నెకు సంబంధించినదే. గోధుమరంగుకు తిరిగి, గుంటలు పడిన పన్ను సంగతి వేరు. అందులో పింగాణి లోలోపల గుల్లబారి ఉంటుంది. నమలడంలోనే అంచులు పెచ్చులూడవచ్చు. అటువంటి పంటికి అతుకు వేసి నిలపడం దంతవైద్యునికీ కష్టమే. కనుక ఈ సీమ యువకులు ఇతరులకన్న ఒక పాలు ఎక్కువ జాగ్రత్తతో ఆటకు దిగవలె.

రక్షణకు రెండు సాధనాలు కలవు. ఒకటి ముఖానికి తొడిగే ముసుగు. ముక్కు నుండి గడ్డం వరకు కప్పే లోహపు జాలి ముసుగులు దొరుకుతాయి. నాసిరకం గుండు జాలికి కొట్టుకొని పగిలితే తునకలు లోనికి రావచ్చు గనుక, ముఖమంతా కప్పే గట్టి ముసుగే మేలని నా అభిప్రాయం. మూతికి కండువా చుట్టుకొనేవారున్నారు. దానివలన మంట తగ్గుతుందేమో గాని పన్ను దక్కుతుందనే భరోసా లేదు.

రెండవది పళ్ళ తొడుగు. 1890లో లండను దంతవైద్యుడు ఊల్ఫ్ క్రౌజ్ ముష్టియోధుల కోసం గట్టాపర్చా అనే చెట్టుపాలతో దీనిని చేసినాడు. నేడు మెత్తని ప్లాస్టిక్ తొడుగును వేడినీటిలో ముంచి, చెప్పిన మేరకు చల్లార్చి, పళ్ళతో కరచిపట్టి అచ్చు తీసుకొంటారు. దంతవైద్యుడు కొలత తీసి చేసినది ఇంకా బాగా కుదురుతుంది. ఇది దెబ్బను అనేక పళ్ళమీదికి పంచుతుంది. సాధారణంగా పై వరుసకే తొడుగుతారు గనుక పెదవిని, క్రింది పళ్ళను కాపాడలేదు. అందుచేత ముసుగుకు ఇది తోడే గాని బదులు కాదు. కబడ్డీలో మోచేతి దెబ్బకు మాత్రం ఇదే అక్కరకు వస్తుంది. పిల్లలకు పళ్ళు మారే వయస్సులో తొడుగునూ మార్చవలె. ముఖానికి గురిపెట్టరాదన్న నియమానికి పైసా ఖర్చు లేదు. దానిని ఇంటిలోనే నేర్పవచ్చు.

ఇంత చేసినా పన్ను ఊడిపోతే? ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం మనకు అలవాటు. పాలపన్నుకు అది చెల్లుతుంది. దానిని తిరిగి అమర్చరాదు కూడ. శాశ్వత దంతాన్ని విసరకండి, వెదకండి. తెల్లని పైభాగాన్ని మాత్రమే పట్టుకొనవలె. వేరును తాకరాదు, రుద్దరాదు. మట్టి అంటి ఉంటే చల్లని పాలతోనో నీటితోనో క్షణకాలం కడిగి, దాని గుంటలోనే నిలిపి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కరచిపట్టమనవలె. అది సాధ్యం కాకపోతే పన్నును చల్లని పాలలో వేయవలె. నీటిలో నానవేయరాదు, కాగితంలో చుట్టరాదు. రక్తం ఆగడానికి పసుపో కాఫీపొడియో అద్దడం మన ఇళ్ళలో కలదు. పంటి గుంటలో అవి పనికిరావు.

వేరును అంటిపెట్టుకొన్న జీవకణాలు ఆరిపోతే బ్రతుకవు. పొడిగా గంట గడిస్తే ఆశ దాదాపు లేనట్లే. నార్కట్‌పల్లిలోను, మహబూబ్‌నగర్‌లోను దంతవైద్య కళాశాలలున్నవి. కాని మర్రిగూడ నుండియో అచ్చంపేట నుండియో బస్సు పట్టి అక్కడికి చేరేసరికి ఆ గంట దాటిపోతుంది. అందుచేత ఆట జరిగిన చోటనే పన్నును గుంటలో నిలపడమో పాలలో వేయడమో జరగవలె. అమర్చిన పన్నును వైద్యుడు ఇరుగుపొరుగు పళ్ళకు సన్నని తీగెతో కట్టి, సాధారణంగా రెండు వారాలు ఉంచుతాడు.

పన్ను ఊడక విరిగితే ఆ ముక్కను కూడ వెంట తీసుకొనిపోవలె. అనేకసార్లు దానినే తిరిగి అతికించవచ్చు. ముక్క ఎక్కడా కనబడకపోతే, పెదవిలో గుచ్చుకొని ఉన్నదేమో, ఊపిరిగొట్టంలోకి పోయినదేమో చూడవలసినదని వైద్యునితో తప్పక చెప్పవలె.