పత్తి కట్టె పొగ ఎవరి లెక్కలోకి?

దోర్నాల: ఫిబ్రవరి దాటితే నల్లమల అంచు పల్లెల్లో రెండు రకాల పొగ కనిపిస్తుంది. ఒకటి అడవి పొగ. రాలిన ఆకు ఎండి ఉంటుంది, ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు. రెండోది చేలల్లోంచి లేచేది. తీతలు అయిపోయాక పత్తి కట్టెను పీకి కుప్పలు వేసి నిప్పు పెడతారు. ఆ రోజుల్లోనే కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. గాలి రేగి నిప్పురవ్వ అటు పడితే ఏడాది కష్టం బూడిదే.

మంటల్ని ఇప్పుడు ఉపగ్రహాలతో కనిపెడుతున్నారు. ఉపగ్రహమంటే ఈ ప్రాంత రైతులకు తుపాను కబురే గుర్తుకొస్తుంది గానీ, నిప్పును పట్టడంలోనూ దానికి నేర్పుంది. చుట్టుపక్కల నేల కంటే ఒకచోట వేడి విపరీతంగా ఉంటే అక్కడ చుక్క పెడతారు. అమెరికా 1999లో పంపిన టెర్రా, 2002లో పంపిన ఆక్వా ఉపగ్రహాల నుంచి కిలోమీటరు గడులుగా ఈ చుక్కలు వచ్చేవి. 2011లో వెళ్లిన సుయోమీ ఎన్‌పీపీతో గడి 375 మీటర్లకు తగ్గింది.

దెహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ చుక్కల సాయంతో అడవి మంటల హెచ్చరికలు పంపుతోంది. చుక్కల్ని అడవి హద్దుల పటం మీద పరుస్తారు. హద్దు లోపల ఉన్నదానికి సిబ్బంది ఫోన్లకు సందేశం వెళుతుంది. హద్దుకు ఇవతల, చేలో ఉన్న చుక్కను పక్కన పెడతారు. సంస్థ పని అడవి వరకే కనుక తప్పు పట్టేందుకు లేదు. కానీ నిప్పుకు హద్దురాయి తెలియదు గదా!

పోనీ, పంట వ్యర్థాల మంటల్ని లెక్కించేవారు లేరా అంటే ఉన్నారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వరి కోతల కాలంలో రోజువారీ లెక్క ఇస్తుంది. అది పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లకు. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. పల్నాడు పత్తి కట్టె ఈ రెండు లెక్కలకూ అందకుండా పోతోంది.

పైగా సుయోమీ వంటి ఉపగ్రహం మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, మళ్లీ రాత్రి ఒంటిగంటన్నరకు. సాయంత్రం అంటించి పొద్దుపోయేలోగా ఆరిపోయిన కుప్ప దాని కంట పడదు. శ్రీహరికోట నుంచి 2024 ఫిబ్రవరి 17న వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ మన దేశం వైపే నిలకడగా చూస్తుంది. అయితే అది ఉన్నది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున. వేడిని పట్టే దాని గడి 4 కిలోమీటర్లు. చిన్న మంట అందులో కలిసిపోతుంది.

పొగ, దుమ్ము పెద్ద ఎత్తున కదిలితే మాత్రం ఉపగ్రహ చిత్రం బాగా పనికొస్తుంది. 2022 జనవరిలో పాకిస్థాన్ వైపు నుంచి లేచిన దుమ్ము అరేబియా సముద్రం దాటి ముంబైని కమ్మింది. ఆ దారి చిత్రాల్లో కనిపించింది. దుమ్ము రేణువు పెద్దది, పొగ రేణువు సన్నది. వెలుగును చెదరగొట్టే తీరును బట్టి రెంటినీ వేరు చేస్తారు. ఐతే పైనుంచి తీసిన బొమ్మలో ఆ పొగ ఊరి మీద ముక్కు ఎత్తున ఉందో, కిలోమీటరు పైన పోతోందో ఒక పట్టాన తేలదు. పిల్లలు దగ్గేది కింది పొగకు. దానికి నేల మీద కొలిచే యంత్రాలే కావాలి.

కట్టె కాల్చవద్దని వ్యవసాయ శాఖ చెబుతూనే ఉంది. గులాబీ రంగు పురుగు భయంతో దాన్ని చేలో ఉంచడానికీ లేదు. ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డరుతో ముక్కలు చేసి దున్నేయవచ్చు, కానీ దాని బాడుగ చిన్న కమతం రైతుకు బరువు. అగ్గిపెట్టె చవక.

చేల మంటల చుక్కలు ఎక్కడా లేవని కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి ఫిర్మ్స్ పటంలో అడవి, చేను తేడా లేకుండా ఉపగ్రహం పోయిన మూడు గంటల్లోపే కనిపిస్తాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, తమ ప్రాంతానికి ఈమెయిల్ హెచ్చరిక కోరవచ్చు. మిరప కల్లాలున్న మండలాలకు రైతుభరోసా కేంద్రాలుగా మొదలైన రైతుసేవా కేంద్రాల నుంచి ఎవరైనా ఆ పని పెట్టుకుంటే, ఖర్చు ఒక ఫోను మాత్రమే.