మతి తప్పితే ముసలితనం అనుకోకండి

కిందటి వానాకాలంలో ఒక పొద్దున ముత్యంపేట నుంచి ఒక కోడలు తన అత్తను ఆటోలో మా ఆస్పత్రికి తీసుకొచ్చింది. అత్తకు డెబ్బై ఏళ్లుంటాయి. బతుకంతా బీడీలు చుట్టిన మనిషి. కట్టలో ఒక్క బీడీ తగ్గినా చేతితో పట్టుకుని చెప్పేదట.

"మూడు రోజుల సంది సోయి లేదు సార్. రాత్రంతా పండదు. పోయిన మా మామను పిలుస్తది. మనుమన్ని పట్టుకొని ఎవరు నువ్వు అంటది. గాలి సోకిందని ఒకరు, ముసలితనమని ఒకరు అంటున్నరు. దుబాయ్‌ల ఉన్న మా ఆయన ఫోన్ల ఏడుస్తున్నడు" అంది.

ఒళ్లు కొద్దిగా వెచ్చగా ఉంది. నాలుక ఎండిపోయింది. నాడి వేగంగా కొట్టుకుంటున్నది. మూత్రానికి పోయేటప్పుడు మంట అంటున్నదని కోడలు అప్పుడు చెప్పింది. పరీక్ష చేయిస్తే మూత్రంలో చీము కణాలు, రక్తంలో షుగరు 300 పైన ఉన్నాయి.

"గాలీ కాదు, ముసలితనమూ కాదు చెల్లె. ఒంట్లో చేరిన చీము మెదడును తిప్పలు పెడుతున్నది" అని చెప్పి సెలైను, యాంటీబయాటిక్, ఇన్సులిను మొదలుపెట్టాం. నాలుగో రోజున ఆమె మనుమన్ని పేరు పెట్టి పిలిచింది.

జబ్బు ఒకచోట, గుర్తు మరొకచోట

దీన్ని మేము డెలీరియం అంటాం. మన పెద్దలు సంధి కొట్టిందనేవారు. వయసులో ఉన్నవారికి మూత్రంలో చీము చేరితే చలిజ్వరం వస్తుంది. ముసలివారికి ఒక్కోసారి జ్వరం కూడా పెద్దగా రాదు, మాట మాత్రం తప్పుతుంది. న్యుమోనియా, కాలి పుండు, మలబద్ధకం, నీళ్లు తక్కువ తాగడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర – వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. గంటల్లో, రోజుల్లో హఠాత్తుగా మతి తప్పితే అది ఒంట్లోని మరో జబ్బు పంపిన కబురు. అదే రోజు ఆస్పత్రికి పోవాలి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా పక్షవాతం. అప్పుడు గంట కూడా ఆగకూడదు.

ఇంత చెబుతున్న నేను నా ఇంట్లోనే పొరబడ్డాను. మా అమ్మ ఒకనాడు అన్నం ముందు పెట్టుకుని తినడం మరిచిపోయి కూర్చుంది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత గుండెల మీద స్టెతస్కోపు పెడితే తెలిసింది, ఊపిరితిత్తిలో నిమ్ము చేరిందని. ఆమె కోలుకుంది గాని, ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.

కావలివాడే చేను తొక్కితే

దెబ్బ తగిలినచోట ఎర్రబడి, వాచి, మంట పుడుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. క్రిములతో పోరాడటానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. పని అయ్యాక చల్లారాలి. షుగరు, ఊబకాయం, పొగాకు, చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో ఇది పైకి కనిపించకుండా ఏళ్ల తరబడి కుంపటిలా రాజుకుంటూనే ఉంటుంది.

మెదడులో మైక్రోగ్లియా అనే కణాలు ఉన్నాయి. అవి మక్కచేనులో మంచె మీది కావలివాడి వంటివి. చెత్తను ఏరివేస్తాయి, క్రిములను తరుముతాయి. ఒంట్లోంచి అదేపనిగా అపాయం అపాయం అని కబురు పోతుంటే, పందుల వెంట పరుగెత్తే కావలివాడు చేను తొక్కినట్టు అవి మంచి నరాలనూ దెబ్బతీస్తాయి. 1906లో జర్మన్ డాక్టరు అలోయిస్ అల్జీమర్ వర్ణించిన మతిమరుపు జబ్బులోనూ ఈ కణాల పాత్ర ఉన్నదని ఇప్పుడు తెలిసింది.

మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో 7 మందికి పైగా డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ లెక్కన సుమారు 88 లక్షల మంది.

నొప్పి మాత్రలు, పసుపు పనికొస్తాయా?

"వాపు వల్లనే అయితే వాపు తగ్గే మాత్ర వేసుకుంటే సరిపోదా?" అని అడుగుతారు. ఆ ప్రయత్నమూ జరిగింది. ఆస్ట్రేలియా, అమెరికాలలో 19 వేల మందికి పైగా వృద్ధులపై రోజూ తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను పరీక్షించారు. డిమెన్షియా తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి. గుండె జబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా మానకండి. కీళ్ల నొప్పులకు రోజూ మింగే బిళ్లలు, సూదులు ముసలివారి మూత్రపిండాలకు, కడుపుకు చేటు.

ఇక పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు పండించేదే. కూరలో నిక్షేపంగా వాడండి. కాని అందులోని కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. జ్ఞాపకశక్తికని అమ్మే పసుపు మాత్రలపై జరిగిన చిన్న ప్రయోగాల్లో ఫలితాలు ఒక తీరుగా రాలేదు. పెద్ద మోతాదులతో కాలేయం చెడిన సంఘటనలూ ఉన్నాయి.

మన చేతిలో ఉన్నవి

లాన్సెట్ కమిషన్ 2024లో 14 కారణాలను లెక్కగట్టింది. వాటన్నిటినీ సరిచేస్తే నూటికి 45 డిమెన్షియాలను ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చునని అంచనా. ఇంట్లో చేయగలిగినవి ఇవి:

1. బి.పి., షుగరు అదుపులో ఉంచాలి. మాత్రలు మధ్యలో మానవద్దు.

2. బీడీ, చుట్ట, తంబాకు, కల్లు, సారా మానాలి.

3. రోజూ అరగంట నడవాలి.

4. రెండు పూటలా పళ్లు తోముకోవాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే చూపించుకోవాలి.

5. శుక్లాలు తీయించుకోవాలి. చెవి వినబడకపోతే యంత్రం పెట్టించుకోవాలి. వినబడని మనిషి నలుగురిలోంచి తప్పుకుంటాడు.

6. నీళ్లు తాగించాలి. రాత్రి లేవాల్సి వస్తుందని చాలామంది ముసలమ్మలు నీళ్లే మానేస్తారు.

7. ఒంటరిగా ఉంచవద్దు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఈ చుట్టుపక్కల ఎందరో కొడుకులు గల్ఫ్‌లో ఉన్నారు. డబ్బు పంపితే చాలదు. రోజూ ఫోను చేసి, పొద్దున ఏం తిన్నావని అడగండి. మాట తేడా ముందుగా పట్టేది మీరే. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను కూడా ఉన్నది.

మూడు నెలల తర్వాత ఆ అత్త మళ్లీ వచ్చింది. షుగరు అదుపులో ఉంది. మనుషులను గుర్తుపడుతున్నది. బీడీల లెక్క మాత్రం అప్పుడప్పుడు తప్పుతున్నదట. సంధి వచ్చి తగ్గిన కొందరిలో మతిమరుపు ముందుకన్నా ఎక్కువవుతుంది. ఆ మూడు రోజుల్లో మొదటి రోజే తెచ్చి ఉంటే ఎలా ఉండేదో చెప్పలేం. మీ ఇంట్లో మాత్రం మొదటి రోజునే కదలండి.