నీ ప్రభువా, నా ప్రభువా?

ఒక ఆవును జిబహ్ చేయమన్న దైవాజ్ఞను హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వినిపించినప్పుడు, ఇస్రాయీల్ సంతతివారు ఏ ఆవును తెచ్చినా సరిపోయేదని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు అంటారు. కాని వారు దాని వయసెంత, రంగేమిటి, అది ఎటువంటిది అని మూడుసార్లు అడిగారు (బఖరా సూరా, 67-71). అడిగినకొద్దీ షరతులు పెరిగాయి. అడిగిన ప్రతిసారీ వారు 'నీ ప్రభువు' అన్నారేగాని 'మా ప్రభువు' అనలేదు.

ప్రశ్నించడం తప్పు కాదు. మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) కూడా అడిగారు (260). అయితే ఆయన 'నా ప్రభూ' అని పిలిచి, మనసు కుదుటపడటానికి అడిగారు. నాలుగు పక్షులను తీసుకొమ్మని జవాబు వచ్చింది. ఆ తరువాత మరో ప్రశ్న లేదు.

కనుక వాదనకు దిగే మనిషి ముందుగా తన్ను తాను అడగవలసినది ఒకటే: జవాబు దొరికితే సజ్దా చేస్తానా, మరో ప్రశ్న వెతుక్కుంటానా?