త్రీడీ వీడియో: చుక్కలు పోవాలి.. చీర నేత మాత్రం పోవద్దు! బ్లెండర్‌లో ఈ సెట్టింగ్స్ చూడండి

సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన చీరను త్రీడీ వీడియోగా చూపించాలనుకుంటున్నారా? కథలాపూర్, కోరుట్లలో ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఈ పని చేసుకోవచ్చు. దీనికి వాడే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. అయితే కొత్తవాళ్లను విసిగించేది ఒకటుంది.. స్క్రీన్ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు! దీన్నే నాయిస్ అంటారు.

ఎందుకు వస్తుంది?

బ్లెండర్‌లోని సైకిల్స్ ఇంజిన్ కాంతి కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మను తయారు చేస్తుంది. ఒక్కో పిక్సెల్‌కు చేసే ఈ లెక్కలే శాంపిల్స్. అవి తక్కువైతే చుక్కలు ఎక్కువ. నాయిస్ సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు కావాలి. అంటే టైమ్ కూడా దాదాపు నాలుగింతలు! అందుకే డీనాయిజర్ వాడతారు. ఇది చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి, అంచనా వేసి చుక్కలను పోగొడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే..

శాంపిల్స్ మరీ తక్కువుంటే ఆ అంచనా తప్పుతుంది. సన్నని పోగులు, జరీ గీతలను కూడా నాయిస్ అనుకుని తుడిచేస్తుంది. చీర కాస్తా ప్లాస్టిక్ కవర్‌లా కనిపిస్తుంది. కొనేవాళ్లు చూసేదే నేత.. అది పోతే వీడియో ఎందుకు?

ఏం మార్చాలి?

1. రెండర్ ప్రాపర్టీస్‌లో శాంప్లింగ్, అందులో వ్యూపోర్ట్ కింద డీనాయిజ్ ఆన్ చేయండి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఉంటే ఆప్టిక్స్ ఎంచుకోండి. లేదంటే ఇంటెల్ వాళ్ల ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ ఉంది, ఇది మామూలు ప్రాసెసర్‌పైనా నడుస్తుంది. 2024లో వచ్చిన 4.1 వెర్షన్ నుంచి గ్రాఫిక్స్ కార్డును కూడా వాడుకుంటోంది.

2. పాసెస్‌లో 'ఆల్బెడో అండ్ నార్మల్' పెట్టండి. బట్ట అసలు రంగు, ఎత్తుపల్లాల సమాచారం అందడంతో నేత చాలావరకు నిలుస్తుంది.

3. స్టార్ట్ శాంపిల్‌ను 1 నుంచి 16 దాకా పెంచి చూడండి. బొమ్మను తిప్పేటప్పుడు కాసేపు చుక్కలు కనిపిస్తాయి, కానీ ఆ తర్వాత వచ్చే బొమ్మను నమ్మొచ్చు.

4. ఫైనల్ రెండర్‌కు నాయిస్ థ్రెషోల్డ్ 0.01 దగ్గర మొదలుపెట్టండి. ఇంకా తగ్గిస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది, టైమ్ ఎక్కువ పడుతుంది.

ఇది మర్చిపోవద్దు

బ్లెండర్ డీనాయిజర్ ఒక్కో ఫ్రేమ్‌ను విడిగా శుభ్రం చేస్తుంది. అందుకే ఫొటోలో బాగున్న చీర అంచు వీడియోలో మినుకుమినుకుమనొచ్చు. మొత్తం రెండర్‌కు పెట్టే ముందు పాతిక ఫ్రేములు తీసి, ఫోన్‌లో ప్లే చేసి చూడండి. మినుకు కనిపిస్తే శాంపిల్స్ పెంచడమే మందు!