వడ్లు కట్టించిన పట్టణము: మిర్యాలగూడ

అమెరికా దేశమున న్యూయార్కు మహానగరమునకు ఉత్తరముగా స్కార్స్‌డేల్ అను చిన్న ఊరు కలదు. రైలుమార్గము వచ్చిన పిమ్మట, నగరమున ఉద్యోగములు చేయుచు ఈ ఊరిలో కాపురము పెట్టినవారు క్రమముగా పెరిగిరి. పగలు నగరమున ఆర్జించి, సాయంకాలమునకు చెట్లనీడనున్న యిండ్లకు చేరుకొనువారి ఊరది. ఆ ఊరి భాగ్యము ఆ నేలలో పండినది కాదు; పట్నమునుండి రైలెక్కి వచ్చినది. అయినను అచ్చటి వారు తమ యిండ్లపై హెచ్చు పన్నులు వేసికొని, ఆ ధనముతో తమ పాఠశాలలను తామే పోషించుకొందురు. ఆ ఊరికి పేరు తెచ్చినవి మేడలకంటె ఆ పాఠశాలలే యని చెప్పవచ్చును.

మన తెలుగుదేశమునను కలిగిన ఊళ్లు లేకపోలేదు. కాని వాని పుట్టుక వేరు, నడక వేరు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై నడిమి భాగమున సూర్యాపేట, మరికొంత దూరమున కోదాడ, ఆ రహదారికి దక్షిణముగా కృష్ణానది వైపున మిర్యాలగూడ కలవు. ఈ మూడును ఒకనాడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూర్యాపేట జిల్లాకేంద్రమైనది. కోదాడ దానిలో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. 2011 జనాభా లెక్కలనాటికి సూర్యాపేటలోను, మిర్యాలగూడలోను లక్షకు పైబడి జనులుండిరి. ఈ మూడింటిలో మిర్యాలగూడ కథను ముఖ్యముగా చెప్పుకొందము. ఏలయన, ఒక ఊరు ఏవిధముగ సంపన్నమగునో, ఆ సంపద ఎంతవరకు నిలుచునో ఆ ఊరిని చూచి తెలిసికొనవచ్చును.

పూర్వము ఈ సీమలో నీటికి చెరువే ఆధారము. సూర్యాపేటకు సమీపముననే పిల్లలమఱ్ఱి గ్రామము కలదు. కాకతీయులకు సామంతులైన రేచెర్ల రెడ్లు 13వ శతాబ్ది ఆరంభమున అచ్చట శివాలయములు కట్టించిరి. గుడియున్న చోట చెరువు, చెరువున్న చోట ఊరు అనునది ఆనాటి పద్ధతి. చెరువు నిండిన ఏడు పండుగ, నిండని ఏడు పస్తు. తరువాతి శతాబ్దములలో చెరువులు పూడిపోయినవి. భూములు కొలదిమంది దొరల చేతులలోనికి పోయినవి. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమునకు సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ముఖ్య క్షేత్రములగుటకు ఈ భూమి కరవే కారణము. నేడు పచ్చని పైరుతో నిండియున్న ఈ నేలలో అప్పటి పెద్దలు జొన్నసంకటి తిని కాలము గడిపిరన్న, చిన్నవారికి నమ్మశక్యము కాదు.

ఈ దశను మార్చినది నాగార్జునసాగరు. కృష్ణానదిపై నందికొండ వద్ద ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజాగారు మొదలైనవారు పట్టుదలతో కృషిచేసిరి. 1952లో ఖోస్లా సంఘము ఆ స్థలమును పరిశీలించి అనుకూలముగా నివేదిక యిచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. వేలాది కూలీలు రాయి మోసి కట్టిన కట్టడమది. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. కుడి కాలువకు జవహర్ కాలువయని, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువయని పేర్లు పెట్టిరి. ఈ ఎడమ కాలువయే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల పొలములను తడిపి, పాలేరు జలాశయమును చేరి, ఖమ్మం దాటి కృష్ణా ప్రాంతమువరకు పోవుచున్నది.

నీరు వచ్చినంతమాత్రమున ఊరు పట్టణమగునా? కాదు. నీటివెంట వరి వచ్చినది. వరివెంట మిల్లు వచ్చినది. మిల్లువెంట లారీ, లారీవెంట బ్యాంకు, బ్యాంకువెంట బంగారపు దుకాణము వచ్చినవి. బీబీనగరునుండి నడికుడికి వేసిన రైలుమార్గము మిర్యాలగూడ మీదుగా పోయి, విష్ణుపురము దాటి కృష్ణను దాటుచున్నది. దానితో బియ్యమునకు దూరదేశముల దారి తెరచుకొన్నది. విష్ణుపురము, వాడపల్లి ప్రాంతముల సున్నపురాతి నేలలు సిమెంటు కర్మాగారములను రప్పించినవి. మూసీ కృష్ణలో కలియు వాడపల్లి సంగమమున ప్రాచీనమైన అగస్త్యేశ్వరాలయము ఒకప్రక్క, సిమెంటు గొట్టములు ఒకప్రక్క నిలిచియుండుట ఆ సీమ యొక్క రెండు కాలములను ఒక్కచోట చూపుచున్నది.

మిర్యాలగూడ మిల్లుల సముదాయము ఆసియాఖండమందే పెద్దవానిలో ఒకటియని స్థానికులు గర్వముగా చెప్పుకొందురు. ఇంటిలో అన్నము వండు గృహిణులకు మిల్లులో జరుగు పని కొంచెము తెలిసియుండుట మంచిది. 100 కిలోల వడ్లను మిల్లులో పోసిన సుమారు 20 కిలోలు ఊకయగును. బియ్యముపై పొరను తీయగా కొన్ని కిలోల తవుడు వచ్చును. మిగిలినది బియ్యము, నూకలు. ప్రభుత్వమునకు మర పట్టి యిచ్చు ధాన్యము విషయమున 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యముగాని, 68 కిలోల ఉప్పుడు బియ్యముగాని తిరిగి యీయవలెనని నియమము. ఇందు పారవేయదగినది ఏదియు లేదు. తవుడునుండి నూనె తీయుదురు. ఊకను బాయిలరులో మండింతురు. దానితో విద్యుత్తును సైతము పుట్టింతురు. నూకలకును గిరాకి కలదు.

ఉప్పుడు బియ్యమని ఎందుకు చేయుదురను ప్రశ్న రావచ్చును. యాసంగి పంట చేతికివచ్చునది చైత్ర వైశాఖముల యెండలలో. ఆ వేడికి గింజలో సన్నని పగుళ్లు పడును. అట్టి వడ్లను నేరుగా ఆడించిన బియ్యము విరిగి నూకలగును. అందుచేత వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి, ఆపైన ఆడింతురు. ఆవిరికి గింజలోని పిండిపదార్థము మెత్తబడి పగుళ్లు అతుకుకొనును. పై పొరలోని విటమినులు కొంత లోపలికి ఇంకును. కేరళ, తమిళనాడు వంటి ప్రాంతములలో ఈ బియ్యమునకు అలవాటుపడిన కుటుంబములు చాలగా కలవు. మన యిండ్లలో మాత్రము బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన సాంబ మసూరి వంటి సన్న బియ్యమునకే మక్కువ.

ఇంతవరకు భాగ్యము మాట. ఇక చింత మాట. ఈ పట్టణము యొక్క మేడలన్నియు రెండు తీగలపై వ్రేలాడుచున్నవి. ఒకటి కాలువ నీరు, రెండవది బియ్యమునకు కొనుగోలుదారు. 2021లో కేంద్ర ప్రభుత్వము ఇకపై తెలంగాణనుండి ఉప్పుడు బియ్యమును సేకరింపజాలనని తెలుపగా, యాసంగి వడ్లు ఎవరు కొందురను ప్రశ్న గ్రామ గ్రామమున వినవచ్చినది. మిల్లులన్నియు ఉప్పుడు బియ్యమునకు అనువుగా యంత్రములు పెట్టుకొనియుండెను. 2022 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వమే వడ్లు కొనుటకు ముందుకు వచ్చినందున ఆ యేటికి గండము గడిచినది. ఒక్క పంటను నమ్ముకొన్న ఊరికి ఒక్క ఉత్తరువు చాలును, నిద్ర పట్టకుండుటకు.

నీటి సంగతియు అట్టిదే. ఎగువనున్న జలాశయములు నిండక సాగరు అడుగంటిన సంవత్సరమున ఎడమ కాలువ క్రింద నాట్లు పడవు. నాట్లు పడని యేడు మిల్లు తిరుగదు. మిల్లు తిరుగని యేడు హమాలీకి కూలి లేదు, దుకాణమునకు బేరము లేదు. 2024లో ఈ సీమ దీని రెండు ముఖములను చూచినది. ఆ యేటి యాసంగికి నీరు లేక పొలములు బీడుపడినవి. అదే సంవత్సరము సెప్టెంబరు ఆరంభమున కుండపోతగా వర్షము కురియగా కోదాడ వీధులు నీటమునిగినవి; నడిగూడెము మండలమున ఎడమ కాలువకు గండి పడినది. పొలములు ఇసుకమేటలైనవి. నీటివలన బ్రతుకు ఊరు నీటి లేమికే కాక, నీటి ఆగ్రహమునకును భయపడవలసియున్నది.

సూర్యాపేట, కోదాడలకు ఈ భయము కొంత తక్కువ. అవి రహదారి పట్టణములు. వ్యాపారము, విద్యాలయములు, వైద్యశాలలు వానికి అండగా నున్నవి. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొన్నది. పంట పోయినను బస్సు ఆగదు గదా! మిర్యాలగూడకు సమీపమున దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. 2024 డిసెంబరులో దానిలో ఒక విభాగమును జాతికి అంకితము చేసిరి. ఊరికి ఇంకొక ఊతకోల దొరకినదని కొందరు, గాలికి, నీటికి ఏమగునో యని కొందరు తలపోయుచున్నారు. ఇరువురి మాటయు వినదగినదే.

మొదట చెప్పిన స్కార్స్‌డేల్ మాటకు మరల వత్తము. ఆ ఊరు బయట ఆర్జించి లోపల వెచ్చించుచున్నది. మన పట్టణము లోపల ఆర్జించుచున్నది, వెచ్చించుట ఎచ్చట? కలిగినవారు పిల్లలను చదువులకు హైదరాబాదు, విజయవాడలకు పంపుదురు; ఆ పిల్లలు పిదప అమెరికాకే పోవుదురు. మిగిలిన ధనము పట్నమున స్థలములుగా మారును. కోతల కాలమున వడ్ల ట్రాక్టరుతో మిల్లు వాకిట రాత్రింబగళ్లు వరుసలో నిలుచు రైతు, బిహారునుండి వచ్చి బస్తాలు మోయు కూలీ, కాలువ చివరి భూములకు నీరందక ఆకాశము చూచు తండాల గిరిజనుడు, వీరందరును ఆ సంపదకు భాగస్వాములే. వారి బిడ్డలు చదువుకొను బడి, వారు మందు పుచ్చుకొను ఆసుపత్రి, వారు త్రాగు నీరు ఎట్లున్నవో అదియే పట్టణమునకు సరియైన కొలత.

పూర్వము రేచెర్ల వారు గుడితోపాటు చెరువు కట్టించిరి. ఆ చెరువు వారి తరువాత ఎన్ని తరములకో అన్నము పెట్టినది. నేటి ఇంటి యజమాని అన్నపు గిన్నె ముందు కూర్చున్నప్పుడు ఆ మెతుకు ఏ కాలువ నీటితో, ఎవరి చెమటతో వచ్చినదో ఒకసారి తలచుకొనుట ధర్మము. మిర్యాలగూడకు వడ్లు మేడలిచ్చినవి. ఆ మేడలు తిరిగి ఊరికి ఏమిచ్చుననునది ఆ ఊరివారి చేతిలోనున్న పని.