ఫోర్కు లేని మోటార్ సైకిల్: బిమోటా ‘తేసి’

ఇటాలియన్ భాషలో ‘తేసి’ అంటే థీసిస్, పట్టా కోసం విద్యార్థి సమర్పించే సిద్ధాంత వ్యాసం. మోటార్ సైకిల్‌కు ఈ పేరెందుకు వచ్చింది? బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన పియర్‌లుయీజి మార్కోని తన థీసిస్‌కు ఎంచుకున్న అంశమే ఈ బండి. 1980ల తొలి సంవత్సరాల్లో రిమిని పట్టణంలోని బిమోటా సంస్థ దాన్ని నమూనాగా నిర్మించింది. బియాంకి, మోర్రి, తంబురీని అనే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే బిమోటా. మోటార్ సైకిళ్లకు ముందు వారి వ్యాపారం భవనాలను వెచ్చబరిచే ఏర్పాట్లు చేయడం!

మార్కోని వేసుకున్న ప్రశ్న చిన్నదే. ముందు చక్రాన్ని పట్టుకోవడానికి ఫోర్కే ఉండాలా?

ఆగి ఉన్న బండిపై కూర్చుని, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్‌ను ముందుకు నొక్కి చూడండి. ఫోర్కు కుంగుతుంది. పరుగులో గట్టిగా బ్రేకు వేసినప్పుడు జరిగేదీ ఇదే. బరువు ముందుకు మళ్లుతుంది, బండి ముక్కు వాలుతుంది, హ్యాండిల్ అక్షం మరింత నిటారవుతుంది. ఈ అక్షరేఖ నేలను తాకే చోటుకూ, చక్రం నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ‘ట్రెయిల్’ అంటారు. బండి సూటిగా సాగడానికి తోడ్పడే ఈ దూరం, సరిగ్గా మనకు నిలకడ కావలసిన క్షణంలోనే తగ్గిపోతుంది. దిశ మార్చడం, కుదుపులు భరించడం, బ్రేకు బలాన్ని మోయడం అనే మూడు పనులనూ ఒకే జత గొట్టాలకు అప్పగించడమే చిక్కు.

‘తేసి’లో ఆ పనులను విడదీశారు. వెనుక చక్రానికి ఉన్నట్లే ముందు చక్రానికీ అడ్డంగా ఒక స్వింగ్ ఆర్మ్ ఉంటుంది. కుదుపుల బాధ్యత దానిది, దానికి అమర్చిన షాక్ అబ్జార్బర్‌ది. బ్రేకు బలం ఎత్తున ఉన్న హ్యాండిల్ దగ్గరికి పోకుండా, కిందుగా నేరుగా చట్రంలోకి చేరుతుంది. మరి చక్రం పక్కకు ఎలా తిరుగుతుంది? ఇరుసు మధ్యలో, హబ్ లోపల, నిలువుగా ఒక కీలు ఉంటుంది. హబ్ లోపలి భాగం దాని చుట్టూ కుడి ఎడమలకు తిరుగుతుంది. దాని చుట్టూ అమర్చిన పెద్ద బేరింగులపై చక్రం పరిభ్రమిస్తుంది. బరువు ముందుకు మళ్లడాన్ని ఏ రూపకల్పనా ఆపలేదు. ఇక్కడ తగ్గేది కుంగుబాటు మాత్రమే.

అసలు కష్టం హ్యాండిల్‌ను ఆ హబ్‌తో కలపడంలో వచ్చింది. తొలి నమూనాలో ద్రవపీడనంతో పనిచేసే ఏర్పాటు ఉండేది. 1990ల ఆరంభంలో డుకాటి ఇంజన్‌తో అమ్మకానికి వచ్చిన ‘తేసి 1డి’లో దాని బదులు కడ్డీలు, కీళ్లు అమర్చారు. కీలు కీలుకూ కొంత వదులు చేరుతుంది. రోడ్డు స్పర్శ చేతులకు స్పష్టంగా అందదని నడిపినవారిలో కొందరు అన్నారు. ధర కూడా సామాన్యులకు అందేది కాదు. ఈలోగా సాధారణ ఫోర్కులు బాగా మెరుగుపడ్డాయి. నా దృష్టిలో, మార్కోని ప్రశ్నలో తప్పులేదు. పాత జవాబే చవకగా, చాలినంత బాగా పనిచేసింది.

అయినా బిమోటా దాన్ని వదిలిపెట్టలేదు. 2019లో కవాసాకి భాగస్వామిగా చేరినప్పుడు, మిలాన్ ప్రదర్శనలో ఆవిష్కరించిన ‘తేసి హెచ్2’ ముందు చక్రం కూడా హబ్ మధ్యలోని కీలు మీదే తిరుగుతుంది.